విషయసూచిక నిండ శ్రీలే

రెండువేల ఇరవైరెండు జూన్ నెలల నన్ను జనగామ ఆఫీసులోనే పుస్తకాల సెక్షన్‌కు బదిలీ చేసిండ్రు. బదిలీ అంటె పెద్దమాట. ముందు గదిల టైపు కొట్టుకుంట కూసున్నదాన్ని, ఎనుక గదికి కుర్చీ జరుపుకొమ్మన్నరు. దానికి ఆర్డరు కాగితం మాత్రం రెండు కాపీలు తీసిండ్రు, ఒకటి నాకు, ఒకటి ఫైలుకు. ఆ కుర్చీ జరిపిన చప్పుడు రెండు గదులకూ వినబడ్డది, అయినా కాగితం కావాలె.

పుస్తకాల సెక్షన్ అంటే కథల పుస్తకాలు గావు. రైసుమిల్లు బాయిలరు, పత్తి జిన్నింగు మిషను, బొగ్గు మోసే బెల్టు, ఇసొంటి పెద్ద మిషను కొన్నోళ్లకు దానితోపాటు ఒక పుస్తకం ఇయ్యాలె. ఎట్ల చాలు చేయాలె, ఎట్ల ఆపాలె, ఏడ చెయ్యి పెట్టొద్దు, పెడితె ఏమైతది, ఇవన్నీ అండ్ల ఉంటయి. దాన్ని మాన్యువల్ అంటరు. మిషన్ చేసేటోళ్లకు పుస్తకం రాసే తీరిక ఉండది గనుక ఆ పని మా కంపెనీకి ఇస్తుండిరి. మా కాడ హోదాలు ఇట్ల ఉండె: పైన మేనేజరు సారు, ఆయన కింద సెక్షన్ ఇన్‌చార్జి, ఇన్‌చార్జి కింద ఆపరేటర్లు, ఆపరేటర్ల కింద ఫ్యాను గాలి రాని కుర్చీలు. నేను ఆపరేటరును.

నా చదువు ఏడో తరగతి. అదీ పరీక్ష ఫీజు కట్టినంక, కట్టిన ఫీజు దండుగ కావొద్దని పోయి రాసిన పరీక్షతోని ఆగింది. తర్వాత ప్రెస్సుల సీసపు అక్షరాలు ఏరి కూర్చిన. సీసం పోయి కంప్యూటర్ వచ్చినంక టైపు కొట్టిన. మా పనిల ఒక్కటే నియమం: చేతిరాత కాగితంల ఏమున్నదో అదే కొట్టాలె. ఒక అక్షరం కలపొద్దు, ఒక అక్షరం తియ్యొద్దు. తెలివి ఉన్నోళ్లు పైన ఉన్నరు, తెలివి వాడుడు వాళ్ల డ్యూటీ. ఈ నియమం నన్ను చానా ఏండ్లు బతికించింది. నేను సుత దాన్ని మంచిగనే చూసుకున్న.

మా ఇన్‌చార్జి పేరు ప్రవీణ్. ఇంజనీరింగ్ చదివిన పిలగాడు, మంచోడే. మంచోడు గాబట్టే వారానికొక కొత్త సంగతి పట్టుకొస్తుండె. నేను ఎనుక గదికి పోయిన వారం పట్టుకొచ్చింది కమాండ్‌లైన్ పనిముట్టు, అంటె మౌసు లేకుండ ఉత్త అక్షరాల ఆజ్ఞలతోని నడిచే సాఫ్ట్‌వేర్. అంతకుముందు మా పుస్తకాలు మామూలు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ల చేస్తుంటిమి. అండ్ల ఒక బొమ్మను కొద్దిగ పక్కకు జరిపితె, నాలుగు పేజీల అవుతల ఉన్న పట్టిక లేచి గోడ దుంకేది. దానికి ఏటేటా లైసెన్సు పైసలు వేరె. కొత్త పద్ధతిల అదేమీ లేదు. రంగుల్లేవు, సోకుల్లేవు, ఉత్త అక్షరాల ఫైలు. పేరు పెద్దగ పడాలంటె లైను ముందట సమానపు గుర్తు పెట్టాలె. ఒకదాని ఎనుక ఒకటి చేసే పనులు చెప్పాలంటె లైనుకొక చుక్క. ప్రమాదం అని డబ్బా గీసి చెప్పాలంటె లైను ముందట ఆ మాట రాస్తె సరి. ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క ఫైలు. వాటన్నింటి మీద ఒక పెద్ద ఫైలు ఉంటది. ఏ అధ్యాయం ఎనుక ఏది రావాలెనో అది చెప్తది. అంతా అయినంక నల్ల తెర తీసి, ఒక్క లైను ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కాలె. ఆ ఉత్త అక్షరాలన్నీ పేజీలై, నంబర్లు పడి, విషయసూచిక సుత దానంతటదే తయారై, అచ్చుకు పంపే పుస్తకం బయటికొస్తది.

పైసా అడగది, పాత కంప్యూటరు మీదనే నడుస్తది, చెప్పింది చేస్తది, చెప్పంది చేయది. నాకు దాని మీద గౌరవం కలిగింది. మనుషుల మీద నాకు అంత తొందరగ కలగది.

అయితె సమానపు గుర్తు పెట్టుడు ఆపరేటర్లు మరిచిపోతున్నరని ప్రవీణ్ ఇంకొంచెం తెలివి ఖర్చు పెట్టిండు. ప్రతి ఫైలుల మొదటి లైను ఏది ఉంటె దాన్నే అధ్యాయం పేరుగ తీసుకొమ్మని పనిముట్టుకు నేర్పిండు.

"ఇగ మీరు మర్చిపోయినా ఫికరు లేదవ్వా. మొదటి లైనే హెడింగ్" అన్నడు.

ఆఫీసుల అందరు నన్ను అవ్వ అనే పిలిచేది. జీతం పెంచేకాడ రాని చుట్టరికం పిలిచేకాడ మాత్రం దండిగ వచ్చేది.

ఆ నెలల మాకు వచ్చిన పని భూపాలపల్లి అవుతల, చెల్పూరు తొవ్వల ఉన్న ఒక కాంట్రాక్టరు బొగ్గు యార్డుది. లారీలు పోసిన బొగ్గు గడ్డలను పగలగొట్టి, ముక్కలను పొడుగాటి రబ్బరు బెల్టు మీద అవుతలికి పంపే కొత్త మిషను పెట్టిండ్రు. బెల్టు కాడ పనిచేసేటోళ్లకు అర్థమయ్యే తెలుగు మాన్యువల్ చేతిల ఉంటె తప్ప బెల్టు తిప్పొద్దని తనిఖీ అధికారి ఆపిండు. రాలిన బొగ్గు ఎత్తే ఆడోళ్లు, రోలర్లు చూసే మొగోళ్లు అందరు రోజుకూలీలే. బెల్టు తిరిగితె కూలి, తిరగకుంటె ఇంటికాడ. పుస్తకం ఆలస్యమైతె మా మేనేజరు సారుకు ఒక ఈమెయిల్ వస్తది. వాళ్లకు కుండల బియ్యం పడవు. రెండూ ఇబ్బందులేనని మీటింగుల సారు అన్నడు.

నిజానికి తెలుగు పుస్తకం ఒకటి అప్పటికే ఉండె. హైదరాబాద్‌ల ఎవరితోనో అనువాదం చేయించిండ్రట. "వాహక పట్టీని నిశ్చలస్థితికి తేవలెను" అని ఉండె అండ్ల. బెల్టు ఆపు అనేటందుకు. అది విన్న కూలోళ్లు ఏ గుళ్లె చదివే మంత్రమని అడిగిండ్రట. అందుకని ఈసారి పని తెలిసినోళ్లనే రాయమన్నరు. బెల్టు సంగతులు యార్డు ఫోర్‌మన్ ఓదెలు రాయాలె. ఈయన రేగొండ దిక్కు మనిషి. కరెంటు సంగతులు ఖాజా మియా రాయాలె. ఈయనకు మహబూబాబాద్‌ల మోటర్లు చుట్టే దుకాణం ఉన్నది, యార్డు మోటర్లు ఆయన బాధ్యతే. ఎవరు రాసిన అధ్యాయాన్ని వాళ్లు అచ్చయినంక చదివి, దాని మీద సంతకం పెట్టాలె. సంతకం లేని అధ్యాయం చెల్లది. ఇది తనిఖీ నియమం.

ఇద్దరి చేతిరాత కాగితాలు బస్సు పార్సిల్‌ల వచ్చినయి. ఓదెలు కాగితాల మీద, ప్రతి అధ్యాయం నెత్తిన, నడుమ "శ్రీ" అని ఉన్నది. ఖాజా మియా కాగితాల నెత్తిన, అల్లా పేరుకు బదులు రాసే "786" అంకె ఉన్నది. మా దిక్కు ఎవరు కాగితం పట్టినా పైన ఏదో ఒకటి రాయకుండ కిందికి దిగరు. కిరాణ చిట్టీకి సుత శ్రీ పెట్టేటోళ్లు ఉన్నరు. పసుపు, చింతపండు, మిరపకాయలు, అన్నింటి మీద లక్ష్మీదేవి. నేను నియమం ప్రకారం కాగితంల ఏమున్నదో అదే కొట్టిన. ప్రవీణ్ నియమం ప్రకారం పనిముట్టు మొదటి లైనును పేరుగ తీసుకున్నది. రెండు నియమాలూ తప్పు లేకుండ పనిచేసినయి.

పుస్తకం అచ్చయింది. విషయసూచిక ఎవరూ చూడలేదు. దానంతటదే అయ్యే పనిని ఎవరు చూస్తరు? మేనేజరు సారు మొదటి పేజీల తన ఫోటో చూసుకున్నడు, ముందుమాట కింద తన పేరు చూసుకున్నడు, పంపమన్నడు.

తనిఖీ రోజు ప్రవీణ్ వెంట నన్ను సుత భూపాలపల్లి పంపిండ్రు. అక్షరం తప్పు పోతె అక్కడికక్కడ రాసుకోవాలె గదా. యార్డుల రేకుల షెడ్డు కింద కూలోళ్లందరు నిలబడి ఉండిరి. పుస్తకం అప్పుడే చేరింది, సంతకాలు ఇంకా కాలేదు. తనిఖీ అధికారి పద్ధతి తేటగ ఉండె. పుస్తకాన్ని ఆఫీసరుకు ఇయ్యడు. కూలోళ్లల్ల అక్షరం వచ్చినోళ్లను ఒకరిని పిలిచి వాళ్ల చేతికిస్తడు, ఒక ప్రశ్న అడుగుతడు. ఆ రోజు పిలిచింది రాజక్కను. బెల్టు కింద బొగ్గు ఎత్తే మనిషి, గట్టి గొంతు.

"బెల్టు నడుస్తున్నది, మనిషి చెయ్యి రోలరు కాడ ఇరికింది. ఏం చేయాలెనో ఏ పేజీల ఉన్నది? తీసి చూపెట్టు" అన్నడు.

రాజక్క విషయసూచిక తీసింది. వేలు పెట్టి పైనుంచి చదివింది.

"శ్రీ... శ్రీ... శ్రీ..." అన్నది. కొంచెం ఆగింది. "శ్రీ... శ్రీ..." వేలు ఇంకింత కిందికి దిగింది. "ఏడు వందల ఎనభై ఆరు... మల్ల శ్రీ. సార్, గిండ్ల అన్నీ శ్రీలే ఉన్నయి."

అధికారి పుస్తకం గుంజుకొని చూసిండు. ప్రవీణ్ దిక్కు చూసిండు.

"ఇది మాన్యువలా, రామకోటి పుస్తకమా?"

"మరి ఏడు వందల ఎనభై ఆరో పేజీ ఏది? పుస్తకం వంద పేజీలు సుత లేదు గదా" అని రాజక్క అడిగింది. ఆమె నిజంగనే అడిగింది. ఖాజా మియా ఎనుకకు తిరిగి దగ్గిండు.

పుస్తకం పాస్ కాలేదు. మల్ల తయారు చేసుకొని పిలువుండ్రి, అప్పటిదాక బెల్టు తిప్పొద్దని రాసి పోయిండు. కూలోళ్లు ఇంటిబాట పట్టిండ్రు. రాజక్క మా ముందట ఆగి, "చదివింది నేను, రాసింది మీరు, ఫెయిలైంది ఎవలు అవ్వా?" అన్నది. నేను జవాబు చెప్పే హోదాల లేను.

జనగామకు వచ్చినంక ప్రవీణ్ అన్నడు, ఇది చిటికెల పని, అన్ని ఫైళ్లల్ల మొదటి లైను తీసేస్తె అయిపాయె. తీసేముందు మర్యాద కోసం ఓదెలుకు ఫోను చేసిండు. స్పీకరు పెట్టిండు గనుక మాకందరికి వినబడ్డది.

"శ్రీ ఒక్కటే తీస్తున్న అన్నా. మిగిలిందంత సేమ్."

"తియ్యి బిడ్డా. సంతకం సుత నువ్వే పెట్టుకో" అన్నడు ఓదెలు.

దేవుని మీద మాకు గౌరవం ఉన్నది, మీ మనసు నొప్పియ్యాలని కాదు, అని ప్రవీణ్ ఏదో చెప్పబోయిండు.

"దేవుని ముచ్చట ఎవలు తీసిండ్రు? అందరు శ్రీ ముందు పెడతరు, నేను ఆఖరుకు పెడత. కాగితం అంత రాసి, మల్ల మొదటి సంది చదివి, ఒక్క మాట తప్పిపోలేదంటేనే అప్పుడు పైన పెడత. పాత కాంట్రాక్టరు కాడ నా కాగితం ఎవలో మల్ల టైపు కొట్టి, ఒక మాట ఎగరగొట్టిండ్రు. ఒక పిలగాని వేళ్లు పోయినయి. కింద సంతకం నాది, అడిగింది నన్ను. అప్పటి సంది శ్రీ లేని కాగితం నాది గాదు. నాది గాని దాని మీద సంతకం ఎట్ల పెడత?"

ఫోను అటు బందయింది. ఖాజా మియాకు ఫోను చేస్తె ఆయన నవ్విండు. తనదేమీ పట్టింపు లేదట, అలవాటుగ రాస్తడట, తియ్యమంటె తీస్తడట. "గాని ఓదెలన్నది ఉంటె నాది ఉండాలె సాబ్. ఆయనది పోతె నాది పోనీ" అన్నడు. మేనేజరు సారు దీన్ని సున్నితమైన విషయమని ఫైలు మీద రాసిండు. నాకైతె రేషన్ షాపుల లైను లెక్కనే అనిపిచ్చింది. ముందున్నోనికి ఎంత ఇస్తె నాకూ అంత.

ప్రవీణ్ మూడురోజులు పనిముట్టు గురించిన పుస్తకం చదివిండు. (ఆ పుస్తకం సుత ఆ పనిముట్టుతోనే చేసిండ్రట. దాని విషయసూచిక మంచిగనే ఉన్నది.) చదివి ఒక ఉపాయం తెచ్చిండు. ఫైలుల ఒక లైను మీద నాలుగు వాలు గీతలు కొడితె, అక్కడి నుంచి ఉన్నది అచ్చుల పడది. మల్ల నాలుగు వాలు గీతలు కొట్టేదాక పనిముట్టు కండ్లు మూసుకుంటది. రాసుకునేటోళ్లు తమలో తాము చెప్పుకునే మాటలకు అది పెట్టిండ్రు. శ్రీకి ముందట నాలుగు గీతలు, శ్రీ ఎనుక నాలుగు గీతలు. శ్రీ ఫైలుల ఉంటది, పుస్తకంల కనబడది. గీతలకు అవుతల ఉన్న లైనునే పేరుగ తీసుకొమ్మని సుత చెప్పిండు. ఇద్దరు దేవుళ్లకు తెర కట్టిండు.

ఆజ్ఞ కొట్టిండు, పుస్తకం వచ్చింది. నల్ల తెర మీద పసుపు రంగుల ఒక లైను పడ్డది. ఏందది అని అడిగిన.

"వార్నింగ్ అవ్వా. ఎర్రర్ కాదు. ఎర్రర్ అయితేనే పుస్తకం ఆగుతది."

పొగనే, మంట గాదు అన్నట్టు. పుస్తకం మొదటిదాని కన్న పలుచగ వచ్చింది. అనవసరమైనయి పోయినయి, కాగితం ఆదా అయిందని మేనేజరు సారు సంబురపడ్డడు. కాగితం ఆదా అంటె నేను సుత మాట్లాడను. ఒక్కటంటె ఒక్క కాపీ అచ్చు తీసి, ఓదెలు సంతకం కోసం బస్సెక్కి హనుమకొండ మీదికెల్లి భూపాలపల్లి పోయినం.

షెడ్డు కింద ఓదెలు పుస్తకం అందుకొని, అధ్యాయాల నెత్తి మీద తన శ్రీ కోసం ఎతుకుతున్నడు. బెల్టు ఎప్పుడు తిరుగుతదో కనుక్కుందామని వచ్చిన కూలోళ్లు చుట్టు మూగిండ్రు. రాజక్క ఆగలేదు. ఓదెలు చేతిలకెల్లి పుస్తకం తీసుకున్నది. ఆమెకు కావాలసింది ఒక్కటే పేజీ. విషయసూచిక తీసి వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"బెల్టు చాలు చేసుడు ఉన్నది. రోలరు కడుగుడు ఉన్నది. బొగ్గు ఎత్తుడు ఉన్నది. నేను ఫెయిలైన ప్రశ్న ఏది? ఆపుడు ఏది అవ్వా?"

లేదు. బెల్టును ఒక్కసారిగ ఆపే అధ్యాయం మొత్తానికి మొత్తం లేదు. ఆ ఒక్క ఫైలుల శ్రీ ముందట గీతలు కొట్టిన ప్రవీణ్ శ్రీ ఎనుక కొట్టుడు మరిచిండు. పనిముట్టు కండ్లు మూసుకున్నది, ఆ ఫైలు అయిపోయేదాక తెరవలేదు. పసుపు లైనుల అది చెప్పింది గదే: మూసినరు, తెరవలేదు అని. ఫైలు పేరు, లైను నంబరు సుత చెప్పింది. అంతకన్న మర్యాదగ ఏ మిషనూ చెప్పది.

ప్రవీణ్ మొఖం బొగ్గు లెక్క అయింది. ఓదెలు అరవలేదు. పుస్తకం మూసి వాని చేతిల పెట్టి, "శ్రీ తీస్తన్నవ్, చాప్టరే తీసినవ్. నయం, బెల్టు ఉంచినవ్" అన్నడు. రాజక్క మాత్రం అరిసింది. "నెల సంది పొయ్యిల పిల్లి పండుకుంటున్నది. మీ కంప్యూటరు ఆడుకుంటున్నదా మాతోని?" అన్నది. ఇంకా అన్నది. అవి ఇక్కడ రాస్తే అచ్చుల పడవు.

అక్కడి నుంచే మేనేజరు సారుకు ఫోను చేస్తె, సారు ఒక గొప్ప సలహా ఇచ్చిండు. పనిముట్టుతోని ప్రతి పేజీ నెత్తిన దానంతటదే ఒక పట్టీ వేయించొచ్చు. ఎడమ దిక్కు శ్రీ, కుడి దిక్కు 786, నడుమ మన కంపెనీ బొమ్మ. ఎవరికీ లోటు లేదు, విషయసూచిక చెడది. ఒక్క ఆజ్ఞతోని అన్ని పేజీలకు పడతది. సర్వమత సమావేశం, అధ్యక్షత మన కంపెనీ.

ఓదెలు విన్నడు. "మీ సారు రాసిన ముందుమాట మీద సుత పడతదా శ్రీ?" అని అడిగిండు.

అన్ని పేజీల మీద పడతది అన్నడు ప్రవీణ్.

"చాప్టరు మాయమైన పుస్తకం మీద సుత పడేదా?"

పడేదే అన్నడు ప్రవీణ్. వాడు అబద్ధం చెప్పడు. అది వాని మంచి గుణం.

"మరి అదేం గుర్తు బిడ్డా? చదివినా పడతది, చదవకున్నా పడతది. వాన లెక్క."

అప్పుడు ఖాజా మియా అన్నడు, ఇంత పరేషాన్ ఎందుకు, పైన జర జాగ వదులుండ్రి, చదివి మేమే పెన్నుతోని రాసుకుంటం. ఇంతే. నెల రోజుల సంది ఇంజనీరింగ్, మేనేజ్‌మెంటు, నాలుగు వాలు గీతలు తిరిగి తిరిగి వచ్చి ఆగింది బొటనవేలు మందం జాగ కాడ.

జనగామకు వచ్చినంక తెలిసిందేందంటె, పనిముట్టుతోని ఏదన్న రాయించుడు అల్క, ఏమీ రాయకుండ ఉంచుడు కష్టం. ఎంటర్లు ఎన్ని కొట్టినా అది ఉత్త లైన్లను లెక్కకు తీసుకోదు, అన్నింటిని మింగి ఒక్కటి చేస్తది. పేజీ రూపం చెప్పే ఫైలు వేరె ఉంటది. అండ్ల అధ్యాయం పేరు పైన ఇంత ఎత్తు ఖాళీ అని రాస్తె అప్పుడు ఉంచింది. ఉంచినంక పుస్తకం ఒక కాగితం పెరిగింది. ఇది నేను ఒప్పుకోలేదు. ఉత్త జాగ కోసం కాగితం కొనుడు నా జన్మల లేదు. మేనేజరు సారు ఫోటో ముందుమాట ఒక పేజీ, దాని ఎనుక తెల్లటి పేజీ ఒకటి ఉన్నయి, అది తీస్తె సమానమైతది అన్న. ప్రవీణ్ పెద్ద ఫైలుల ముందుమాటను పిలిచే లైను ముందట రెండు వాలు గీతలు కొట్టిండు. రెండు గీతలైతె ఆ ఒక్క లైనుకే తెర, మూసే పని ఉండది. సారు ముందుమాట కండ్లకు కనబడకుండ ఫైలుల భద్రంగ ఉన్నది. ఇప్పటికీ ఉండొచ్చు.

వార్నింగ్ వచ్చినా పుస్తకం బయటికి రాకుండ ఆగేటట్టు సుత ప్రవీణ్ ఆజ్ఞ మార్చిండు. ఎవరూ చెప్పకముందే మార్చిండు.

రెండో తనిఖీకి అధికారి పొద్దున్నే వచ్చిండు. తొందరల ఉన్నడు. ఓదెలు తొందరల లేడు. షెడ్డు కింద స్టూలు వేసుకొని, కండ్లద్దాలు తుడుచుకొని, మొదటి అధ్యాయం మొదటి మాట కాడ మొదలువెట్టిండు. పెదవులు కదిలించుకుంట చదివిండు. చివరిదాక పోయి, మల్ల పైకొచ్చి, ఖాళీ జాగల శ్రీ అని రాసి, కింద సంతకం పెట్టిండు. రెండో అధ్యాయం. అధికారి గడియారం చూసుకున్నడు. ముందే సంతకాలు చేయించి ఉంచాలె గదా అని విసుక్కున్నడు. ముందే చేద్దామంటె పుస్తకం పొద్దటి బస్సుకు వచ్చింది. 

"ఇట్లయితె నేను పోత. ఇంకోరోజు చూద్దాం" అన్నడు అధికారి.

కూలోళ్లల్ల గుసగుసలు లేచినయి. ఆయన పోతె మల్ల ఎన్ని రోజులకు వస్తడో. ఒకాయన ఓదెలు కాడికి పోయి, "పెట్టరాదే అన్నా, అంతా మంచిగనే ఉన్నది గదా" అన్నడు.

"నువ్వు చదివినవా?" అన్నడు ఓదెలు, తల ఎత్తకుండ.

అప్పుడు రాజక్క పోయి అధికారి జీపుకు అడ్డం నిలబడ్డది. అందరికంటె ఎక్కువ కూలి పోతున్నది ఆమెకే. ఇంట్ల ఇద్దరూ ఆ బెల్టు మీదనే. "జర ఆగుండ్రి సార్. నెల సంది మేం ఆగలేదా? ఆ మనిషి చదువుతున్నడు. చదవకుండ పెట్టినోళ్ల పుస్తకం నేను ఒకసారి చూసిన" అన్నది.

అధికారి ఆగిండు. చాయ్ తెప్పిచ్చిండ్రు. మాయమై తిరిగొచ్చిన మూడో అధ్యాయాన్ని ఓదెలు రెండుసార్లు చదివిండు. ఒకకాడ వేలు ఆగింది. ఓదెలు వేలు కదిలిచ్చి ముందుకు పోయిండు, శ్రీ రాసిండు. ఖాజా మియా పక్కన కూసోని తన కరెంటు అధ్యాయం చదివిండు. అలవాటుగ ముందే 786 రాయబోయి, ఓదెలును చూసి పెన్ను వెనక్కి తీసుకొని, చదివినంకనే రాసిండు.

అధికారి అదే ప్రశ్న అడిగిండు. రాజక్క విషయసూచిక తీసి, పేరు చదివి, నంబరు చూసి, పేజీ తీసి ముందట పెట్టింది. చదువు అన్నడు. "పక్కనున్న తాడు గుంజు. బెల్టు ఆగిందా చూడు. మోటరు స్విచ్చు బంద్ చేసి తాళం వెయ్యి. తాళంచెవి నీ కాడనే పెట్టుకో. అప్పుడు మనిషిని ముట్టు" అని చదివింది. ఓదెలు రాసింది అట్లనే ఉన్నది, ఒక అక్షరం కలపలేదు, తియ్యలేదు. అధికారి సంతకం పెట్టిండు. తెల్లారి బెల్టు తిరిగింది.

ఆ పుస్తకం తర్వాత మా కంపెనీకి మంచి పేరు వచ్చిందని మీటింగుల చెప్పిండ్రు. ఆ ఖాళీ జాగ పద్ధతి మంచిదే గాని టైము తింటదని, మేనేజరు సారు దాన్ని ఇంకింత మెరుగు పరిచిండు. ప్రతి అధ్యాయం కింద "చదివి సరిచూడబడినది" అని పనిముట్టే దానంతటదే వేసేటట్టు చేయించిండు. నేను మరుసటి ఏడు మార్చిల రిటైరైన. అప్పటికి మా పుస్తకాలల్ల సరిచూడబడని అధ్యాయం ఒక్కటి సుత లేకుండె. ఎవరు చూసిండ్రని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ పనిలకు కొత్తగ వచ్చేటోళ్లకు నేను చెప్పేది ఇంతే. ఉత్త అక్షరాల ఫైళ్లతోని పుస్తకం చేసుడు మంచి పద్ధతి, చౌక పద్ధతి, నేర్చుకోండ్రి. పేజీలు, నంబర్లు, సూచికలు అన్నీ దాని మీద వదిలేయండ్రి. వార్నింగ్ వస్తె ఆపి చదవండ్రి. చదివినట్టు గుర్తు ఒక్కటి మాత్రం దానికి అప్పజెప్పొద్దు. ఆ గుర్తు మిషన్ పెట్టిందంటె, మనిషి చదవలేదనేటందుకు ఇంకో సాక్ష్యం అక్కర లేదు.